ఒక రాత్రి నడక, మూడు నెలల పడక

పిఠాపురంలో మూడు నెలలు పనీపాటా లేకుండా మంచం మీద పడుకోవాలంటే రెండే దారులు. ఒకటి పెద్ద జబ్బు. అది మన మాట వినదు, రమ్మన్నప్పుడు రాదు. రెండోది రికార్డు. అది పూర్తిగా మన కాళ్లలో పని.

జబ్బుచేసి పడుకున్నవాడికి జాలి దొరుకుతుంది. రికార్డు కొట్టి పడుకున్నవాడికి గౌరవం దొరుకుతుంది. మంచం అదే, రాగిజావ అదే. గుమ్మంలోకి వచ్చినవాళ్లు చూసే చూపు వేరు. నాలుగేళ్ల కిందట ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లూ పరుగూ నడకా కలిపి ఐదు గంటల్లోపు ముగించాను. కుడిపాదంలో సన్న ఎముక చిట్లింది, రెండు గోళ్లు ఊడాయి. పదకొండు వారాలు పడుకున్నాను. ఆ పదకొండు వారాల్లో గ్యాస్ బండ మోయలేదు, రేషన్ క్యూలో నిలబడలేదు, పిల్లవాణ్ణి ట్యూషన్‌కి దింపలేదు, మరదలి పెళ్లి పనుల్లో ఒక్క కుర్చీ జరపలేదు. ఇంత సుఖం ఉందని తెలిశాక మీకు చెప్పకుండా దాచుకోవడం నావల్ల కాదు. కింద చెప్పింది చెప్పినట్టు చేయండి.

1. ఎవరూ పరిగెత్తని దారి పట్టుకోండి.

దూరపు దారుల్లో వేగం రికార్డుకి తుపాకీ పేల్చేవాడు ఉండడు, పక్కన పరిగెత్తేవాడూ ఉండడు. దారి ఒకటి ఉంటుంది. ఈ చివర నుంచి ఆ చివరకి ఎంత తక్కువ సమయంలో చేరారన్నదే లెక్క. అమెరికాలో జార్జియా నుంచి మెయిన్ దాకా కొండల మీదుగా 3,500 కిలోమీటర్ల అపలాచియన్ ట్రైల్ ఉంది. 2011లో జెన్నిఫర్ ఫార్ డేవిస్ దాన్ని 46 రోజుల 11 గంటల్లో దాటారు. 2015లో స్కాట్ జురెక్ ఆ లెక్కలోంచి మూడు గంటలు తగ్గించారు. మూడు గంటల కోసం 46 రోజులు! 2018లో కారెల్ సాబ్ అనే బెల్జియం పళ్ల డాక్టరు 41 రోజుల 7 గంటలకు తెచ్చారు. 2024లో టారా డవర్ 40 రోజుల 18 గంటల్లో ముగించారు. అంత రద్దీ ఉన్న దారిలో మనకేం పని?

పాదగయ కోనేరు దగ్గర బయలుదేరి గొల్లప్రోలు, చేబ్రోలు, కత్తిపూడి మీదుగా అన్నవరం రత్నగిరి కొండ మెట్ల దాకా వెళ్లండి. ముప్పై కిలోమీటర్లకు అటూ ఇటూ. గడియారం పెట్టుకుని ఆ దారిన పరిగెత్తినవాళ్లు నాకు తెలిసి లేరు. మొదట పరిగెత్తినవాడిదే రికార్డు. పది గంటలు పట్టినా రికార్డే. దారికి పేరు కూడా మీరే పెట్టండి, ‘పాదగయ–రత్నగిరి మార్గం’ అని. పేరుంటే దారికి పరువు వస్తుంది. ఇది మీ మొదటి మెట్టు. చేయి తిరిగాక గిరి ప్రదక్షిణకు వెళ్దురుగాని. అక్కడ లక్షల మంది నడుస్తారు, మీ టైము రాసేవాడు ఒక్కడూ ఉండడు. మీరు ఎంతంటే అంత.

2. నెమ్మదిగా నడవకండి. లాభమంతా పోతుంది.

మన రాష్ట్రంలో దూరపు నడక అంటే పాదయాత్ర. జగన్మోహన్ రెడ్డి ఇడుపులపాయ నుంచి ఇచ్ఛాపురం దాకా 3,648 కిలోమీటర్లు 341 రోజుల్లో నడిచి 2019 జనవరిలో ముగించారు. నారా లోకేశ్ 2023లో కుప్పంలో మొదలుపెట్టి 226 రోజుల్లో 3,132 కిలోమీటర్లు నడిచారు. భాగిస్తే మొదటిది రోజుకు పదకొండు కిలోమీటర్లు కూడా పడదు, రెండోది పద్నాలుగు లోపే. ఆ నడకకు ఒళ్లు అలవాటు పడిపోతుంది. పొద్దున వచ్చిన నొప్పి రాత్రికి సర్దుకుంటుంది. మంచం మిగలదు.

సూఫియా ఖాన్ 2021లో ముగించిన స్వర్ణ చతుర్భుజి పరుగు చూడండి. 6,002 కిలోమీటర్లు, 110 రోజుల 23 గంటలు. రోజుకు యాభై నాలుగు. ఆ రహదారి మన కత్తిపూడి మీదుగానే పోతుంది. జురెక్ లెక్క రోజుకు 75 దాటింది, అదీ కొండలెక్కి దిగుతూ. 75 కిలోమీటర్లంటే దాదాపు లక్ష అడుగులు. పరుగులో అడుగు పడ్డ ప్రతిసారీ నేల తిరిగి కొట్టే దెబ్బ ఒంటి బరువుకు రెండు మూడింతలు ఉంటుంది. డెబ్బై కిలోల మనిషి అనుకోండి. ఇరవై ఐదు కిలోల బియ్యం బస్తాలు ఏడు ఒకేసారి ఒక మడమ మీద పడ్డట్టు. మనకు కావలసింది ఆ ఏడు బస్తాలే.

అందుకని మొదటి పది కిలోమీటర్లు కుక్క తరిమినట్టు పరిగెత్తండి. గొల్లప్రోలు ఉల్లిపాయల లారీలు కనపడేసరికి ఊపిరి గొంతులో ఉండాలి. తర్వాత కుంటుకుంటూ వెళ్లినా పర్వాలేదు, జరగవలసింది జరిగిపోయి ఉంటుంది.

3. సాధన అసలు చేయకండి.

ఇది చాలామంది పాడుచేసుకునే చోటు. మూడు నెలల ముందు నుంచీ రోజూ కాలవగట్టు మీద పరిగెత్తుతారు, వారానికి కొంచెం కొంచెం పెంచుతారు, ఎముకలు గట్టిపడతాయి. రికార్డు రోజున ముప్పై కిలోమీటర్లు పరిగెత్తి, సాయంత్రం మామూలుగా సైకిలెక్కి బజారుకెళ్తారు. ఏం బావుకున్నట్టు?

ఎముక సంగతి తెలుసుకోండి. దాని మీద ఒక్కసారిగా భారం పడితే ఒళ్లు ముందు పాత ఎముకను తవ్వి తీస్తుంది, కొత్తది తర్వాత కడుతుంది. తవ్వడానికి వారాలు చాలు, కట్టడానికి నెలలు కావాలి. రోడ్డు తవ్వి వదిలేసిన మునిసిపాలిటీ పనిలాగా ఆ మధ్యకాలంలో ఎముక గుల్లగా ఉంటుంది. ఆ గుల్ల మీద దెబ్బ మీద దెబ్బ పడితే వెంట్రుకవాసి చీలిక వస్తుంది. ప్రష్యా సైన్యంలో బ్రైట్‌హాప్ట్ అనే డాక్టరు 1855లోనే కవాతు చేసిన సిపాయిల పాదాల్లో ఈ చీలిక తెచ్చే వాపును రాసిపెట్టారు. అప్పటికి ఎక్స్‌రే పుట్టనేలేదు. ఇప్పటికీ దాన్ని మార్చ్ ఫ్రాక్చర్ అనే అంటారు.

ఇందులో మీకు దొరికే గొప్ప వరం ఒకటుంది. ఈ చీలిక మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు. కనపడకపోతే నష్టమని బెంగపడకండి. అదే అసలు పెట్టుబడి. మొదటి ఫిల్ము చూసి డాక్టరుగారు ఏమీ లేదంటారు. ఇంట్లో గొంతు మారుతుంది. “ఏమీ లేదన్నారు కదండీ, లేచి పాలపాకెట్టు పట్టుకురండి” అంది మా ఆవిడ. నేను మారు మాటాడలేదు. లేచాను, గోడ పట్టుకుని వెళ్లాను, తెచ్చాను. అలా మూడు వారాలు. తర్వాత రెండో ఎక్స్‌రే తీయించాను. పాదం మధ్యలో, రెండోవేలికి వెళ్లే ఎముక చుట్టూ, తెల్లగా మబ్బు తునకలాంటిది కనపడింది. కొత్త ఎముక పోస్తున్న గుర్తు అన్నారు డాక్టరు. అంటే కిందటిసారే విరిగి ఉంది. “అయ్యో, ఎముక విరిగిన మనిషినా బాబూ పాలకి పంపించాం!” అని మా అత్తగారు కళ్లొత్తుకున్నారు. ఆ రోజు నుంచి మంచినీళ్లకు కూడా నేను లేవలేదు.

రెండో ఫిల్మును బీరువాలో పెట్టకండి. వీధిగది కిటికీకి, వెలుతురు వచ్చేవైపు, క్లిప్పు పెట్టి వేలాడదీయండి.

4. బూట్లు ఒక సైజు తక్కువవి అడిగి తెచ్చుకోండి.

గంటల తరబడి నడిస్తే పాదాలు వాస్తాయి, అరికాలి వంపు కిందికి దిగి పాదం పొడుగు సాగుతుంది. దూరపు దారుల్లో నడిచేవాళ్లు ముందే ఒక సైజు పెద్దవి కొనుక్కుంటారు. మీరు బావమరిదివి అడిగి తీసుకోండి. డబ్బూ కలిసొస్తుంది, గోళ్లూ పోతాయి.

మడమ పక్కన మొదట రూపాయి బిళ్లంత ఎర్రమచ్చ వస్తుంది, ముట్టుకుంటే వేడిగా ఉంటుంది. అక్కడ ఆగి టేపు అంటిస్తే అంతటితో పోతుంది. ఆగకండి. గంటలో పై పొరా కింది పొరా విడిపోయి మధ్యలో నీరు చేరుతుంది. ఇంకో గంటకు ఆ నీటిలో నెత్తురు కలిసి వంకాయ రంగు తిరుగుతుంది. అడుగు వేసినప్పుడల్లా లోపల నీరు అటూ ఇటూ కదలడం మీకే తెలుస్తుంది. అదిగో, అప్పుడు ఫోటో తీయించుకోండి. తర్వాత తీస్తే పగిలిపోయి ఉంటుంది, చూసేవాళ్లకు నమ్మకం కుదరదు.

గిరి ప్రదక్షిణలో దీనికి మంచి వసతి ఉంది. కొండ దిగువ తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, అడివివరం, హనుమంతవాక దాటి అప్పుఘర్ దగ్గర సముద్రానికి చేరతారు. అక్కడ స్నానం చేస్తారు. స్నానం చేశాక పాదాలు తుడుచుకుని ఆరబెట్టుకునే చాదస్తులు కొందరుంటారు. వాళ్లను చూడకండి. తడి కాళ్లు, వేళ్ల సందుల్లో ఇసుక, ఉప్పునీళ్లు అలాగే ఉండగా బయలుదేరండి. ఇంకా సగం దారి ఉంటుంది. నానిన చర్మం నానిన శనగపప్పు పొట్టులాంటిది, ఒక్క రాపిడికి ఊడి వస్తుంది. మాధవధార దాటి ఎన్ఏడీ కూడలికి వచ్చేసరికి అరికాలు మొత్తం ఒకే బొబ్బ.

బొటనవేలి గోరు ముందు నీలం, తర్వాత నలుపు అవుతుంది. కింద నెత్తురు గడ్డకట్టి గోరు పైకి తేలుతుంది. కొత్త గోరు పూర్తిగా రావడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర. అన్నింటికంటే ఎక్కువ కాలం నిలిచే ఆదాయం ఇదే. ఊడిన గోరును ఖాళీ విక్స్ డబ్బాలో దాచుకోండి. పరామర్శకు వచ్చినవాళ్లకు కాఫీకి ముందు చూపించాలి. కాఫీ తర్వాత అయితే లేచి వెళ్లిపోతారు.

5. తోడు మనిషిని పెట్టుకోండి.

జురెక్ వెంట ఆయన భార్య జెన్నీ వ్యాన్ నడిపారు. సూఫియా వెంట కూడా బండి ఉంది. మీ వెంట మీ బావమరిది మోపెడ్ ఉండాలి. అరటిపళ్లు, మజ్జిగ, అన్నవరం ప్రసాదం అతని సంచిలో. పడితే పట్టుకునే చేయి అతనిది. పైగా రేపు ఏం తేడా వచ్చినా తప్పు అతనిదే అవుతుంది. దారి తప్పారా, అతను చెప్పలేదు. వడదెబ్బ తగిలిందా, టోపీ అతని దగ్గర ఉండిపోయింది. ఈ పనికి చెల్లెలి మొగుణ్ణి మాత్రం పెట్టకండి. అతను ఇంటి అల్లుడు, మర్యాదలు మీరే చేయాల్సి వస్తుంది.

6. ఎండ, నీళ్లు, మాత్రలు.

పాదగయ–రత్నగిరికి రోహిణి కార్తె మంచిది. వై.ఎస్. రాజశేఖర రెడ్డి 2003లో ఏప్రిల్ 9న చేవెళ్లలో బయలుదేరి, నడి వేసవిలో 1,475 కిలోమీటర్లు నడిచి ఇచ్ఛాపురం చేరారు. మధ్యలో మన రాజమండ్రిలో జబ్బుపడి ఆగారు. అంతటి నాయకుడే ఆగినప్పుడు మీరు చేబ్రోలులో ఆగితే అడిగేదెవరు? ఈ మాట గుర్తుపెట్టుకోండి, అవసరం పడుతుంది.

నొప్పి మొదలుకాగానే నొప్పిమాత్ర వేసుకోండి. మనిషిని సరైన చోట ఆపేది నొప్పి ఒక్కటే. దాని నోరు మూయిస్తే ఇంకో పది కిలోమీటర్లు చెడగొట్టుకోవచ్చు. అయితే దీనికి ఒక హద్దు ఉంది. నీళ్లు తాగకుండా, ఎండలో, నొప్పిమాత్రల మీద గంటల కొద్దీ పరిగెత్తితే తొడ కండరాలు చిట్లి వాటిలోని మయోగ్లోబిన్ నెత్తుటిలో కలుస్తుంది. దాన్ని వడగట్టలేక కిడ్నీ పూడుకుపోతుంది. మూత్రం డికాషన్ రంగులో వస్తుంది. ఆ రంగు చూడగానే మారు ఆలోచన లేకుండా ఆసుపత్రికి పోండి. డయాలసిస్ దాకా వెళ్లినవాళ్లున్నారు. ఆసుపత్రి మంచానికీ ఇంటి మంచానికీ పోలిక లేదు. అక్కడ తెల్లవారుజామున లేపి బీపీ చూస్తారు.

ఎదురు ప్రమాదం కూడా ఉంది. ప్రదక్షిణ దారి పొడవునా పందిళ్లు వేసి నీళ్లు, మజ్జిగ, పులిహోర పెడతారు. దాహం లేకపోయినా ప్రతి పందిరి దగ్గరా లీటరు లీటరు నీళ్లు తాగితే నెత్తుటిలో సోడియం పలచబడి మెదడు ఉబ్బుతుంది. తలనొప్పి, వాంతులు, తర్వాత ఫిట్సు. మారథాన్లలో దీనివల్ల ప్రాణాలు పోయిన సంగతులున్నాయి. ప్రాణం పోతే పడక సుఖం అనుభవించేదెవరు? దాహం వేస్తేనే తాగండి, మజ్జిగలో ఉప్పు వేయించుకోండి. ఈ ఒక్క విషయంలో అతి చేయవద్దని మరీ మరీ చెబుతున్నాను.

7. దొంగదారిలో కూడా శ్రద్ధ ఉండాలి.

ముప్పై కిలోమీటర్లూ పరిగెత్తాలని ఎవరూ అనలేదు. గొల్లప్రోలు నుంచి కత్తిపూడి దాకా షేర్ ఆటోలు తిరుగుతూనే ఉంటాయి. ఎక్కండి. కానీ పూర్వం ఎక్కినవాళ్లు ఎక్కడ దొరికిపోయారో తెలుసుకుని ఎక్కండి.

1904 సెయింట్ లూయిస్ ఒలింపిక్స్ మారథాన్‌లో ఫ్రెడ్ లోర్జ్ అలసిపోయి కారెక్కారు. పదిహేడు కిలోమీటర్లు పైగా వెళ్లాక కారు చెడిపోయింది. దిగి పరిగెత్తుతూ స్టేడియంలోకి వచ్చేసరికి మొదటి బహుమతి ఇవ్వబోయారు. దారిలో చూసినవాళ్లు చెప్పేశారు. ఆయన తప్పు ఏమిటంటే కారు పైకప్పు లేనిది కావడం. మన ఆటోకి పరదా ఉంటుంది, దించుకోండి.

1980 బోస్టన్ మారథాన్‌లో రోజీ రూయిజ్ చివర్లో జనంలోంచి దూకి ముందు వచ్చేశారు. ఎనిమిది రోజులకు బహుమతి లాగేసుకున్నారు. ఆమె ఒంటి మీద చెమట సరిగ్గా లేకపోవడం మొదటే కొందరికి అనుమానం పుట్టించింది. కనుక సీసాలో ఉప్పునీళ్లు తీసుకెళ్లండి. చంకల కిందా వీపు మీదా చల్లుకుని ఎండనివ్వండి. తెల్లటి చారలు కట్టాలి. నల్లచొక్కా అయితే చారలు బాగా కనపడతాయి.

ఇప్పటి రికార్డులకు జీపీఎస్ లెక్క అడుగుతారు. ఫోను మోపెడ్ మీద పెడితే దూరం పడుతుంది, అడుగులు పడవు. 2016లో అమెరికాను అడ్డంగా పరిగెత్తుతున్నానన్న ఒక బ్రిటన్ మనిషి అక్కడే చిక్కిపోయారు. చేతి గడియారంలో దూరానికి తగ్గ అడుగులు లేవు. మీ బావమరిది వెనక వాళ్ల పిల్లవాణ్ణి కూర్చోబెట్టి ఫోను చేతిలో పెట్టి ఊపమనండి. “ఆయ్, అలాగే మావయ్యా” అని గంట ఊపుతాడు. పిల్లలకు పెద్దవాళ్ల కంటే ఓపిక ఎక్కువ. ఐస్‌క్రీము మర్చిపోకండి.

చివరి ఐదు కిలోమీటర్లు మాత్రం నిజంగా పరిగెత్తాలి. గాయం నకిలీ చేయకూడదు. గాయం విషయంలో నేను చాలా పట్టింపు మనిషిని.

8. జనం ఉన్నచోట పడిపోండి.

పైన చెప్పిన 1904 పోటీలోనే గెలిచింది థామస్ హిక్స్. దారిలో ఆయనకు కోడిగుడ్డు తెల్లసొనలో విషపు మందు స్ట్రిక్నిన్ కలిపి ఇచ్చారు, పైన బ్రాందీ. చివరికి ఇద్దరు మనుషులు చెరోవైపు పట్టుకుంటే కాళ్లు గాల్లో కదిలించారు. బంగారు పతకం ఆయనదే. నడిచి వచ్చినవాణ్ణి ఎవరు గుర్తుపెట్టుకుంటారు? మోసుకొచ్చినవాణ్ణి ఊరంతా చూస్తుంది. అన్నవరంలో అయితే మెట్ల దగ్గర, సింహాచలంలో అయితే తొలిపావంచాకి పదడుగుల ముందు. నేల చూసుకుని, ముందు మోకాలు, తర్వాత అరచెయ్యి.

9. మెదడు తగ్గిందని చెప్పండి. అది నిజం.

2009లో ఇటలీలోని బారీ నుంచి నార్వే ఉత్తర కొస దాకా 64 రోజుల పరుగు జరిగింది, దాదాపు 4,500 కిలోమీటర్లు. జర్మనీ డాక్టర్లు ఎంఆర్ఐ యంత్రాన్ని లారీకెక్కించి పరుగువాళ్ల వెంట తిప్పారు. చివరికొచ్చేసరికి మెదడులోని బూడిదరంగు పదార్థం ఆరు శాతం దాకా తగ్గింది. ఎనిమిది నెలలకు మళ్లీ మామూలైంది. నాకు తెలిసిన శాస్త్ర విషయాల్లో దీనికంటే ఉపయోగపడింది లేదు. ఎనిమిది నెలలు! చీటీ డబ్బు కట్టడం మర్చిపోయారా, ఆరు శాతం. పెళ్లిరోజు మర్చిపోయారా, ఆరు శాతం. అప్పు తీసుకున్న సంగతే గుర్తు లేదా, ఆ అప్పు ఆరు శాతంలో ఉంది. మీరు పరిగెత్తింది ముప్పై కిలోమీటర్లే కదా అని ఎవరైనా అంటే, మీ మెదడు అంత లెక్క చేసే స్థితిలో లేదని చెప్పండి.

కంటికి కూడా ఇలాంటిదే ఉంది. 2017లో కొలరాడోలో 160 కిలోమీటర్ల పోటీలో కోర్ట్నీ డావాల్టర్‌కు చివర్లో చూపు తెల్లగా మసకబారిపోయింది. పడ్డారు, తల పగిలింది, అయినా గెలిచారు; చూపు తర్వాత తిరిగి వచ్చింది. నిద్ర లేకుండా రెండు రాత్రులు దాటితే లేని మనుషులు కనపడతారు, చెట్లు పలకరిస్తాయి. కరెంటు బిల్లు కనపడలేదనడానికి ఇది చాలు.

10. తిండి అడిగి పెట్టించుకోండి.

2015లో లాస్ ఏంజిలస్ నుంచి వాషింగ్టన్ దాకా వారానికి ఆరు మారథాన్ల చొప్పున పరిగెత్తినవాళ్లను శాస్త్రవేత్తలు కొలిచారు, ఫలితం 2019లో అచ్చయింది. ఊరికే పడుకుంటే ఒళ్లు ఖర్చుపెట్టే శక్తికి రెండున్నర రెట్లు మించి మనిషి నెలల తరబడి ఖర్చుపెట్టలేడు. అంతకంటే ఎక్కువ తిన్నా పేగులు అందించలేవు, ఒళ్లు తన కండనే తినడం మొదలుపెడుతుంది. ఈ సంగతి ఇంట్లో పూర్తిగా చెప్పకండి. ‘ఒళ్లు తన కండనే తింటోంది’ అన్నంతవరకు చెప్పి ఆపండి. పొద్దున నెయ్యి వేసిన పెసరట్టు, పదింటికి జావ, మధ్యాహ్నం పులస దొరికే కాలమైతే పులస. చేపలో ముళ్లు తీసిపెట్టమని అడగండి. చేతులకు ఏమైందని అడిగితే అరికాలి నొప్పి భుజాల్లోకి ఎక్కిందనండి.

11. మంచాన్ని కాపాడుకోండి.

ఇంతా చేసి పదో రోజున లేచి తిరిగేవాళ్లున్నారు. వాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఎముక అతకడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మధ్యలో లేచి తొందరపడితే చీలిక పూర్తిగా విరిగి మళ్లీ మొదటి రోజు నుంచి లెక్క. అది కూడా ఒక పద్ధతే, నేను కాదనను. నాకు పదకొండు వారాలైంది అలాగే, ఆరో వారంలో ఒకసారి దొంగచాటుగా సినిమాకి వెళ్లి.

ఎవరో ఒకరు వచ్చి పుత్తూరు కట్టు కట్టించుకోమంటారు. అవునండి, వెళ్లాలండి అనండి. పుత్తూరు తిరుపతి జిల్లాలో ఉంది; ఆ ప్రయాణం అనుకోవడంలోనే రెండు వారాలు గడుస్తాయి. ఆఫీసులో సెలవు చీటీ మీద ‘పాదంలో ఎముక విరిగినందున’ అని మాత్రం రాయండి. ఎలా విరిగిందో రాస్తే, పరిగెత్తినవాడివి కుర్చీలో కూర్చోలేవా అంటారు.

పరామర్శకు వచ్చినవాళ్ల ముందు కాలు దిండు మీద ఎత్తి ఉంచండి. గుండె కంటే ఎత్తులో ఉంటే వాపు తగ్గుతుంది, అందుకని వాళ్లు వెళ్లగానే దించేయండి.

12. గాయం మానేలోపే రెండో రికార్డు ప్రకటించండి.

కట్టు విప్పే వారం ముందే, భోజనాల దగ్గర, వచ్చే ఆషాఢానికి మళ్లీ ప్రదక్షిణ చేస్తానని చెప్పండి. వద్దని ఏడుస్తారు. ఆ ఏడుపులో ఇంకో రెండు వారాలు విశ్రాంతి వస్తుంది. నేనైతే నిజంగానే వెళ్తున్నాను. మొన్న బావమరిదికి ఫోన్ చేశాను, బూట్లు ఇస్తానన్నాడు. మీరు కూడా రండి. అప్పుఘర్ దగ్గర సముద్రం ఒడ్డున, ఎడంపక్క, తడికాళ్లతో నిలబడి ఉంటాను.

తిరుగు రైలు దిగేటప్పుడు ఒక్క జాగ్రత్త. పిఠాపురం స్టేషనులో అవతలి ప్లాట్‌ఫారం మీదికి బండి వస్తే వంతెన ఎక్కి దిగాలి. ఎక్కడం ఎలాగో వస్తుంది, దిగడం రాదు. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూ బరువు మోయాలి, చిట్లిన కండ అది మోయలేదు. కమ్మీ రెండు చేతులతో పట్టుకుని, మొహం మెట్లవైపు తిప్పి, వెనక్కి వెనక్కి దిగండి.